పెరటి సొగసు, బిందెడు నీరు

ఇల్లన్నచో నాలుగు గోడలును కప్పును మాత్రమే కాదు. ఉదయమున ముగ్గు పెట్టు వాకిలి, మధ్యాహ్నము బియ్యము చెరుగుకొను అరుగు, సాయంకాలము పిల్లలాడుకొను పెరడు, ఇవన్నియు ఇంటిలోని భాగములే. లోపలి గదులపై చూపు శ్రద్ధలో పావువంతు వెలుపలి చోటుపై చూపినచో ఇల్లాలి దినచర్య యెంతయో సుఖముగ సాగును.

ఇటీవల పెరటిలో కొలనులు, ఫౌంటెనులు కట్టించుకొను వేడుక హెచ్చుచున్నది. వేడుక మంచిదే. నీటి చప్పుడు చెవికింపు, దాని చల్లదనము మేనికి హాయి. కాని కర్నూలు జిల్లా పడమటి భాగమున, గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములలో ఇల్లు కట్టుకొనువారు మొదట నొక లెక్క వేసికొనవలెను. ఇచ్చట ఏడాదికి కురియు వాన సగటున 600 మిల్లీమీటర్ల దాపు. మండువేసవిలో ఎండ తగులు నీరు దినమునకు ఒక సెంటీమీటరు వరకు ఆవిరియగును. అనగా చదరపు మీటరు వైశాల్యముగల తొట్టినుండి దినమునకు 10 లీటర్లు, దాదాపు ఒక బిందెడు నీరు, ఎవరును త్రాగకయే పోవును. పది చదరపు మీటర్ల కొలనైనచో పది బిందెలు! కుళాయి దినము విడిచి దినము వచ్చు వీధిలో ఆ బిందెలు నింపవలసినవారెవరు? ఇంటి ఆడువారే గదా!

మన పెద్దలు నీటి సొగసు నెరుగనివారు కారు. ఈ తుంగభద్ర యొడ్డుననే హంపీలో విజయనగర ప్రభువులు రాతి కాలువలతో నీరు తెచ్చి మెట్ల పుష్కరిణిని నింపిరి. నంద్యాల చెంతనున్న మహానందిలో ఊటనీరు కోనేట నిండి, భక్తుల స్నానమున కుపయోగించి, పిమ్మట పొలములకు పారుచున్నది. కంటికి చల్లనైన నీరు పనికిని రావలెనన్నది అందలి నీతి. మన చిన్న పెరటికిని ఇదియే సూత్రము.

అట్టి నీరు మనకెక్కడిది? మొదటిది మిద్దెమీది వాన. చదరపు మీటరు మిద్దెపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరగును. 40 చదరపు మీటర్ల మిద్దెపై ఏడాదికి 24,000 లీటర్లు పడును. అందు నాలుగవ వంతు వ్యర్థమైనను 18,000 లీటర్లు మిగులును. తొలివాన మిద్దె దుమ్మును కడిగికొని పోనిచ్చి, ఆపైని నీటిని గొట్టముద్వారా మూతగల తొట్టిలోనికి దింపవలెను. నేల యెర్రనిదైనచో పొర్లిన నీటికి ఇంకుడుగుంత త్రవ్వవచ్చును. నల్లరేగడి యైనచో నీరు మెల్లగ నింకును. పైగా ఆ మన్ను తడిసి ఉబ్బి, ఎండి బీటలువారి, గోడలను కదల్చును. కావున గుంత పునాదికి కనీసము పదియడుగుల దూరముననుండవలెను.

రెండవది వాడిన నీరు. బియ్యము, కూరలు కడిగిన నీటిని తులసికి, మల్లెకు, కరివేపకు పోయవచ్చును. స్నానపు నీటిని చిన్న కాలువద్వారా అరటి పాదునకు మళ్లింపవచ్చును. సబ్బు, సోడా మితిమీరిన నీరు మాత్రము మొక్కలకు హాని.

ఇక పెరటి యమరిక. పడమటి యెండకు అడ్డముగ వేపచెట్టు పెంచవలెను. వేళ్లు గోడను తాకనంత యెడముంచవలెను. దానినీడ బేతంచెర్ల బండలతో అరుగు కట్టించినచో కూర్చుండుటకును, మగ్గముగల యింట నూలు పని చేసికొనుటకును అనువుగ నుండును. పెరడంతయు బండలు పరపించుట తగదు. అవి పగటి వేడిని పట్టియుంచి రాత్రివేళ విడుచును. వాననీటిని నేలలోనికి పోనీయవు. ఇంటి చుట్టు నేల వెలుపలికి వాలుగ నుండుట ముఖ్యము. నీరు కరవైన సీమయని వరదను మరువరాదు. 2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణమును ముంచిన సంగతి తెలిసినదే.

నీటి వేడుక కావలెనన్నచో వేపనీడలో రెండడుగుల వెడల్పుగల రాతితొట్టి చాలును. నీడవలన ఆవిరి తగ్గును. అందొక కలువదుంప నాటి, నాలుగు చిన్న చేపలు విడిచినచో దోమపిల్లలను అవి తినివేయును. చేపలులేని పాత్రలను వారమునకొకసారి బోర్లించి తోమి ఆరబెట్టవలెను. గ్రుడ్డునుండి దోమ వెలువడుటకు సుమారు వారము పదిదినములు చాలును. ప్రాకు బిడ్డలున్న యింట తొట్టిపై ఇనుపజాలి తప్పక వేయింపవలెను. జానెడు నీరైనను పసిబిడ్డకు ప్రాణాపాయమే. ప్రక్కనొక మట్టిమూకుడులో నీరుంచినచో పిచ్చుకలు వచ్చి ఆడును.

సోదరీమణులారా! మేస్త్రీతో బేరమాడునది మగవారే కావచ్చును. కాని ఆ పెరటిని ఊడ్చునది, ఆ తొట్టిని నింపునది మనము. ప్లాను గీయునాడే ప్రక్కన కూర్చుండి, నీరెచ్చటినుండి వచ్చును, ఎచ్చటికి పోవును అని రెండు ప్రశ్నలడుగుడు. వానికి సమాధానము కుదిరిన పిదపనే సొగసు మాట. అట్లు కట్టిన పెరడు వేసవిలో వాడదు, వానలో మునుగదు, ఇల్లాలి నడుము విరువదు.