లెక్కను సరిచూచుకొను హక్కు: ఉచిత గణాంక సాధనములు

గ్రామ జీవితములో లెక్కకు రాని విషయము అరుదు. ఎకరమునకు ఎన్ని బస్తాలు పండినవి, ఏ నెలలో ఎంత వాన కురిసినది, బడిలో ఎందరు బిడ్డలు చేరిరి, ఎందరు మధ్యలో మానివేసిరి అను విషయములన్నియు ఎక్కడనో యొకచోట వ్రాయబడుచునే యున్నవి. పంట బీమాలో పరిహారము సైతము కోత ప్రయోగములలో తేలిన సగటు దిగుబడిని బట్టి నిర్ణయింపబడుట కలదు. అంకెలను సేకరించుట యొక ఎత్తు. వానినుండి నిజమును రాబట్టుట మరియొక ఎత్తు. ఈ రెండవ పనికి తోడ్పడు ఉచిత కంప్యూటరు సాధనములను గూర్చి ఇచట వివరింప దలచితిమి.

విత్తనము వంటి సాధనము

కంప్యూటరుచేత పని చేయించు ఆజ్ఞల సముదాయమును సాఫ్ట్‌వేరు అందురు. కొన్నింటిని వెల యిచ్చి కొనవలెను. వాని లోపలి ఆజ్ఞలు కొన్నవారికి కనుపింపవు. మరికొన్నింటిలో ఆ ఆజ్ఞలన్నియు బహిరంగముగా నుండును. వీనినే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు అందురు. రైతు తన పొలములో పండిన నాటు విత్తనమును తాను చల్లుకొనును, పొరుగువానికి నిచ్చును, మేలైన గింజలను ఏరి వంగడమును మెరుగుపరచుకొనును. ఈ సాధనములును అట్టివే. ఎవరైనను వాడుకొనవచ్చును, విప్పి పరిశీలింపవచ్చును, ఇతరులకు పంచవచ్చును, తమ అవసరమునకు తగినట్లు మార్చుకొనవచ్చును.

ఆర్ పుట్టుక

గణాంక సాధనములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ‘ఆర్’. అమెరికాలోని బెల్ పరిశోధనాలయములో జాన్ చేంబర్స్, ఆయన సహచరులు 1976లో ‘ఎస్’ అను గణాంక భాషకు రూపకల్పన ప్రారంభించిరి. దాని మార్గమునే అనుసరించి న్యూజీలాండు దేశమున ఆక్లండ్ విశ్వవిద్యాలయములో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ అను ఇద్దరు ఆచార్యులు ఆర్‌ను నిర్మించిరి. 1995లో దానిని బహిరంగ అనుమతి పత్రముతో లోకమునకు విడుదల చేసిరి. పూర్తిరూపముగల మొదటి కూర్పు 2000 ఫిబ్రవరి 29న వెలువడినది. వివిధ దేశముల వారు వ్రాసి చేర్చిన అనుబంధములు నేడు 20,000కు పైగా నున్నవి.

ఇందులో మన గడ్డకు చెందిన విద్య కూడ ఇమిడియున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివిన ఆచార్య సి. ఆర్. రావుగారు (1920–2023) 1948లో ప్రతిపాదించిన పరీక్షను ఆర్‌లో ‘రావు’ అను పేరుతోనే పిలిచి వాడుకొనవచ్చును.

పురుగుమందుల పరీక్ష

ఆర్‌తో పాటు అభ్యాసమునకై కొన్ని నిజమైన లెక్కలును లభించును. వానిలో నొకటి రైతులకు ఆసక్తి కలిగించునది. 1942లో ప్రచురితమైన యొక పరిశోధనలో ఆరు పురుగుమందులను, మందుకు 12 మళ్ళ చొప్పున ప్రయోగించి, పిదప ఒక్కొక్క మడిలోని పురుగులను లెక్కించిరి. మందులకు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ అని గుర్తులు. మొత్తము 72 అంకెలు. వరుసగా చదివినంత మాత్రమున ఏమియు బోధపడదు. సగటులు తీయగా ఎ 14.5, బి 15.3, సి 2.1, డి 4.9, ఇ 3.5, ఎఫ్ 16.7 అని తేలును. సి, డి, ఇ మందులు వాడిన మళ్ళలో పురుగులు చాల తక్కువ యని తెలిసినది.

అయితే సగటు సమస్తమును చెప్పదు. ఒక్క ఆజ్ఞ నిచ్చిన యెడల ఆర్ ప్రతి మందుకు నొక పెట్టె చొప్పున పటము గీయును. మధ్యస్థముగా నున్న సగము మళ్ళ లెక్కలు పెట్టెలో ఇమిడియుండును. నడిమి గీత సరిగా మధ్యనున్న విలువను చూపును. మిగిలినవానికి దూరముగా పడిన విలువ విడిచుక్కగా కనుపించును. డి మందు పెట్టెకు పైన అట్టి చుక్క యొకటి కలదు. పదునొకండు మళ్ళలో పురుగులు 2 నుండి 6 వరకు మాత్రమే యుండగా, ఒక్క మడిలో 12 కనబడినవి. అచ్చట మందు సరిగా పడలేదా? వ్రాయుటలో పొరపాటు జరిగినదా? పటము దీనికి జవాబు చెప్పదు. ఎచ్చటికి పోయి విచారింపవలెనో చూపును.

బహిరంగత యేల?

లెక్క తప్పినచో ఎంత దూరము పోవునో తెలుపు నిదర్శన మొకటి కలదు. 2010లో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు, జాతీయాదాయములో 90 శాతమును మించి ప్రభుత్వ ఋణము గల దేశముల అభివృద్ధి కుంటుపడునని ఒక పత్రములో తెలిపిరి. ప్రభుత్వ వ్యయమును తగ్గింప వలెనను నాయకులు పెక్కుదేశములలో దానిని ప్రమాణముగా చూపిరి. 2013లో అమెరికాలోని యొక విద్యార్థి వారి లెక్కల పట్టికను తెప్పించుకొని చూడగా, సగటు తీయు సూత్రములో ఐదు దేశముల వరుసలు చేరనే లేదని బయటపడినది. ఇతర సవరణలతో కలిపి లెక్కింపగా, ఆ దేశముల సగటు అభివృద్ధి మైనస్ 0.1 శాతము గాక 2.2 శాతమని తేలినది. పట్టిక చేతికి వచ్చుటచేతనే తప్పు దొరికినది. ఆర్ వంటి సాధనములలో లెక్కించిన ప్రతి మెట్టును వ్రాతపూర్వకముగా నుంచవచ్చును. ఆ వ్రాతను, అంకెలను పొందిన వారెవరైనను లెక్కను మొదటినుండి తిరిగి చేసి చూడవచ్చును.

జాగ్రత్తలు

సాధనము మేలైనదైనను అంకెలు చెడ్డవైన ఫలితము చెడును. కాలువ క్రింది పొలములనే కొలిచి ఊరంతటి దిగుబడి యని వ్రాసిన యెడల ఏ కంప్యూటరును దానిని సరిదిద్దజాలదు. పటములోని కొలబద్ద సున్నతో ప్రారంభము కానిచో చిన్న తేడా కొండంతగా కనుపింపవచ్చును. కావున పటమును చూచుటకు ముందు దాని కొలబద్దను చూడవలెను.

ఆర్ ఆజ్ఞలు ఇంగ్లీషు మాటలలో నుండును; నేర్చుటకు కొంత ఓపిక కావలెను. ఆజ్ఞలు వ్రాయుటకు జంకువారికి పట్టికలు, మీటలతో పనిచేయు జామోవి, జాస్ప్ అను సాధనములును ఉచితముగా లభించును. కళాశాలలో చదువు యువకులు, యువతులు తమ ఊరి వర్షపాతముతో గాని, మార్కెట్టు ధరలతో గాని అభ్యాసము ప్రారంభింపవచ్చును. పది సంవత్సరముల అంకెలను పటముగా గీచి పంచాయతీ కార్యాలయపు గోడపై అంటించిన యెడల, చదువు రానివారు కూడ దానిని చూచి ప్రశ్న లడుగుదురు. తమను గూర్చిన లెక్కను ప్రజలు తామే సరిచూచుకొనగలిగిన నాడు, ఆ లెక్కపై ఆధారపడిన నిర్ణయమును ప్రశ్నించుటకు గాని, మనసారా అంగీకరించుటకు గాని వారికి బలము చేకూరును.