అడవి కాపు కాసే ఇల్లు

ఇంటిని అడవిలో కలిపివేయాలని గత శతాబ్దంలో కొందరు వాస్తుశిల్పులు ప్రయోగాలు చేశారు. శ్రీలంకకు చెందిన జెఫ్రీ బావా వారిలో ఒకరు. ఆయన తండ్రి న్యాయవాది. దంబుల్లా సమీపాన కొండను ఆనుకొని బావా రూపొందించిన కందలామ హోటల్ 1994లో ప్రారంభమైంది. దాని గోడలను నేడు తీగలు దాదాపు కప్పివేశాయి. అయితే మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించినది 1960వ దశకం తొలినాళ్లలో కొలంబో నగరంలో ఆయన కట్టిన ఒక ఇల్లు. వీధివైపు గోడ, లోపల ముంగిలి, దాని చుట్టూ గదులు. బయటివారి చూపు లోపలికి రాదు. వాన, వెలుగు, చెట్టు నీడ మాత్రం వస్తాయి. మన మండువా లోగిలికి ఇది దగ్గరి చుట్టమే. పరదా పాటించే కుటుంబానికి ఇంతకన్నా అనువైన నమూనా ఉండదని మా అభిప్రాయం.

కృష్ణమ్మ సముద్రంలో కలిసే కోడూరు మండలంలో ఈ మాట విలాసం కాదు. అక్కడ అడవి అంటే మడ అడవి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 5 మీటర్ల ఎత్తున నీరు ఊళ్లపై పడింది. వేలాది ప్రాణాలు పోయాయి. గాలిని ఎదుర్కొనే విద్య అక్కడి పూర్వికులకు తెలియనిది కాదు. చుట్టిల్లే అందుకు సాక్ష్యం. గుండ్రని మట్టిగోడకు మూల ఉండదు గనుక గాలి పట్టు దొరకక పక్కలకు జారిపోతుంది. కిందికి దిగిన తాటాకు కప్పు దానిని పైకి మళ్లిస్తుంది. కాని నీటిముందు మట్టిగోడ నిలువదు. అలను ఆపవలసింది ఇంటికి వెలుపలే. బురదలోంచి పైకి లేచే మడచెట్ల శ్వాసవేళ్లు, దట్టమైన కాండాలు అల వేగాన్ని విరుస్తాయి. ఒండ్రును పట్టి ఉంచుతాయి.

కనుక కోడూరులో ఇల్లు కట్టదలచినవారు పునాదిని ఎత్తుగా లేపాలి, డాబాపైకి మెట్లు తప్పక పెట్టాలి, లోపల ముంగిలి వదలాలి. ఉప్పునేలను ఓర్చుకునే కానుగ, తాటి, కొబ్బరి చుట్టూ నాటవచ్చు. ముస్లిం నాటిన చెట్టు నుండి పక్షి తిన్నా, పశువు తిన్నా అది సదఖాయేనని దైవప్రవక్త (స) బోధించారు కదా! గాజుగోడల మోజు మాత్రం తుఫాను సీమకు పనికిరాదు.

స్థలం కొనేముందు మరొక విచారణ కూడా అవసరం. సముద్రం వైపున మడ ఎంత మిగిలి ఉంది? అందులో రొయ్యల చెరువులుగా మారినది ఎంత? ధర మాట్లాడవలసింది ఆ తరువాతనే.