దాహానికి నీళ్లు, చెమటకు ఉప్పు

తల్లి చనిపోయిన తర్వాత ఆమె పేరిట ఏ దానం చేస్తే మేలని హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) అడిగితే, నీరు అని దైవప్రవక్త ముహమ్మద్ (స) చెప్పారనీ, అప్పుడు ఆయన తల్లి పేరిట బావి తవ్వించారనీ హదీసు గ్రంథాలలో ఉంది. ఎండాకాలం రాగానే మన మస్జిదుల ముందు, బస్టాండ్ల దగ్గర సబీల్‌లు వెలిసేది ఆ స్ఫూర్తితోనే. ఈ మధ్య కొందరు దాతలు మంచినీళ్లతో పాటు రంగురంగుల స్పోర్ట్స్ డ్రింకులు కూడా పంచితే బాగుంటుంది కదా అని అడుగుతున్నారు. వారి ఉద్దేశం మంచిదే. అయితే రోజంతా ఎండలో రెండు చక్రాల మీద తిరిగే మనిషికి ఏది అవసరం, ఏది అనవసరం అన్నది తెలిస్తే దాతల రూపాయి సరైన చోటికి చేరుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఎవరి కోసం?

సైకిల్ మీద బట్టలు, ప్లాస్టిక్ సామాన్లు, చేపలు పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవారు, పాత ఇనుము కొనేవారు, భోజనం పార్సిళ్లు చేరవేసే కుర్రాళ్లు, బైక్ టాక్సీ నడిపేవారు. వీరిలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఎండ ఎక్కువగా ఉందని వీరు ఇంట్లో కూర్చోలేరు. ఆ రోజు తిరిగితేనే ఆ రోజు కూలి. 2015 వేసవి వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా చనిపోయారు. అలా పోయినవారిలో ఎక్కువమంది ఎండన పడి పనిచేసే పేదలు, వయసు మళ్లినవారు.

బండి మీద ఉన్నవాడికి చెమట తెలియదు

ఒంటి వేడిని దించేది చెమట. అది ఆరిపోతూ వేడిని తీసుకుపోతుంది. నడిచేవాడికి చొక్కా తడిసి చెమట పట్టిన సంగతి తెలుస్తుంది. సైకిల్ మీద, బండి మీద వెళ్లేవాడికి ఎదురుగాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది. తనకు చెమటే పట్టలేదనుకుంటాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒక్కసారిగా ధారలు కడితే గానీ అసలు సంగతి తెలియదు. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయట 42 డిగ్రీలున్నప్పుడు తగిలే గాలి ఒంటిని చల్లబరచదు సరికదా, ఇంకాస్త వేడెక్కిస్తుంది. అప్పుడు చెమట ఒక్కటే ఆధారం. ఎండలో కష్టపడి సైకిల్ తొక్కేవారికి గంటకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా చెమట పోవచ్చు.

చెమటతో పోయేది నీళ్లు మాత్రమే కాదు. మనిషికీ మనిషికీ తేడా ఉన్నా, లీటరు చెమటలో సగటున ఒక గ్రాము సోడియం ఉంటుంది. మన లెక్కలో అది దాదాపు రెండున్నర గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాలో సగం. చొక్కా ఆరాక వీపు మీద తెల్లటి చారలు కనిపించేది ఆ ఉప్పే.

నీళ్లు ఎక్కువైతే?

నీళ్లు ఎంత తాగితే అంత మంచిదన్న మాటలో సగమే నిజం. పోయిన చెమట కంటే ఎక్కువ నీళ్లు గంటల తరబడి తాగుతూ ఉంటే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక మొదలై, ముదిరితే ఫిట్స్ కూడా వస్తాయి. 2002లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తిన 488 మందికి రక్తపరీక్ష చేస్తే వారిలో 13 శాతం మందికి సోడియం తగ్గినట్టు తేలింది. కాబట్టి దాహాన్ని బట్టి తాగాలి. 15, 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు లోపు, కొంచెం కొంచెంగా. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే తాగుతున్నది సరిపోతున్నట్టు. ముదురు రంగులోకి మారితే చాలడం లేదన్నమాట.

స్పోర్ట్స్ డ్రింక్, ఓఆర్ఎస్ ఒకటి కాదు

స్పోర్ట్స్ డ్రింకు 1965లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పుట్టింది. అక్కడి ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఉక్కలో సోలిపోతుంటే డాక్టర్ రాబర్ట్ కేడ్ బృందం నీళ్లలో ఉప్పు, చక్కెర కలిపి ఇచ్చింది. అదే గేటరేడ్. అలాంటి పానీయం లీటరులో సుమారు 60 గ్రాముల చక్కెర, అర గ్రాము సోడియం ఉంటాయి. గంటల తరబడి ఆపకుండా సైకిల్ తొక్కే క్రీడాకారుడి కండరాలకు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి గనుక అతనికి ఆ చక్కెర పనికొస్తుంది. మోటారు బండి మీద తిరిగే డెలివరీ కుర్రాడి కండరాలు అంత ఖర్చు చేయవు. 600 మిల్లీలీటర్ల సీసా తాగితే ఏడు చెంచాల చక్కెర లోపలికి పోతుంది. షుగరు జబ్బు ఉన్నవారికి అది చేటు.

ఓఆర్ఎస్ కథ వేరు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన సరిహద్దు పట్టణం బొంగావ్‌లోని శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు, సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. గ్లూకోజు తోడుంటే పేగు ఉప్పునూ, దాని వెంట నీళ్లనూ వేగంగా లాక్కుంటుంది. కిటుకంతా అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి 20.5 గ్రాముల పొడి కలపాలి. అందులో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, సోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు. అంటే స్పోర్ట్స్ డ్రింకు కంటే చక్కెర నాలుగో వంతు, సోడియం మూడు రెట్లకు పైగా.

పండ్ల రసాల డబ్బాల మీద కూడా ఓఆర్ఎస్ అని అచ్చువేసి అమ్మడం చాలా ఏళ్లు సాగింది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆదేశించింది. దానానికి కొనేటప్పుడు సాచెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అన్న మాట, పైన చెప్పిన కొలతలు ఉన్నాయో లేదో చూడాలి.

ఓఆర్ఎస్ కూడా రోజంతా నీళ్లకు బదులు తాగేది కాదు. గంట లోపు ప్రయాణానికి మంచినీళ్లు చాలు. బాగా చెమట పోసిన రోజు ఒక లీటరు ఓఆర్ఎస్, మిగతాది నీళ్లు, వేళకు భోజనం. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, గంజి, ఉప్పు చక్కెర వేసిన నిమ్మరసం మన ఇళ్లలో ఉన్న మందులే. కొబ్బరినీళ్లు మంచివే గానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయిన ఉప్పును అవి పూర్తిగా భర్తీ చేయలేవు. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఓఆర్ఎస్ విషయం డాక్టరును అడగాలి.

వెంట తీసుకువెళ్లే పద్ధతి

రెండు సీసాలు మంచిది. ఒకదానిలో మంచినీళ్లు, ఇంకోదానిలో ఓఆర్ఎస్ లేదా మజ్జిగ. మంచినీళ్లు తాగడానికే కాక తల, మెడ తడుపుకోవడానికీ పనికొస్తాయి. సీసా చుట్టూ తడిగుడ్డ చుడితే, కుండలో చల్లబడ్డట్టే, గాలికి నీళ్లు చల్లబడతాయి. సాచెట్టు మీద లీటరు అని ఉంటే మొత్తం పొడిని లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో కాస్త, అర లీటరు సీసాలో మొత్తం వేయడం తప్పు. ఉప్పు మోతాదు మించితే దాహం తీరదు, ఒంటికీ హాని. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. తీపి పానీయం పోసిన సీసాను రోజూ సబ్బుతో కడగాలి.

తోటి మనిషి మాట తడబడుతూ, ఒళ్లు కాలిపోతూ పడిపోతే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏ పానీయమూ పోయరాదు.

దాతలు చేయగలిగింది

సాచెట్టు ధర ఒక స్పోర్ట్స్ డ్రింకు సీసా కంటే తక్కువ. పైగా దానితో లీటరు తయారవుతుంది. తాగి పారేసే సీసాల బదులు మళ్లీ మళ్లీ నింపుకునే లీటరు సీసా ఒకటి, పది సాచెట్లు, వాటిని కలిపే పద్ధతి తెలుగులో, ఉర్దూలో అచ్చేసిన చీటీ, ఈ మూడూ కలిపి ఇస్తే ఆ మనిషికి చాలా రోజులు అక్కరకొస్తాయి.

ఇంకో సంగతి. దారిలో మరుగుదొడ్డి దొరకదన్న భయంతో నీళ్లు తాగడమే మానేసేవారు చాలామంది. ఆడవారి ఇబ్బంది ఇంకా ఎక్కువ. రోడ్డు పక్కనున్న మన మస్జిదుల్లో కుళాయిలు, నీడ, మరుగుదొడ్లు ఉన్నాయి. మతం అడగకుండా మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా వాటిని తెరిచి, ఒక బల్ల వేసి, సీసాలు నింపుకోవచ్చని బోర్డు పెట్టమని మేము మస్జిదు కమిటీలను కోరుతున్నాం. దీనికి పెద్దగా ఖర్చు లేదు. శుభ్రం చేసే మనిషికి నాలుగు నెలల జీతం ఎవరైనా భరిస్తే చాలు.

జకాత్ విషయంలో ఒక మాట. జకాత్ సొమ్మును అర్హుడైన పేదకు సొంతం చేయాలని హనఫీ ఉలమాలు చెబుతారు. కాబట్టి అందరూ వాడుకునే కుళాయికి, సబీల్‌కు సదకా నుంచి ఇవ్వండి. అర్హులైన పేద బండివారికి ఇచ్చే సీసాలకు, సాచెట్లకు జకాత్ ఇవ్వదలిస్తే ముందు మీ ఇమామ్ గారిని అడగండి. ఇప్పుడు రమజాన్ మండుటెండలకు ముందే వచ్చి వెళ్తోంది. మన చేతులు ధారాళమయ్యేది ఆ నెలలో, గొంతులు ఎండేది ఏప్రిల్, మే నెలల్లో. రమజాన్‌లో ఇచ్చే దానంలో కొంత ఎండాకాలం నీళ్ల కోసమని చెప్పి విడిగా ఇవ్వండి. మేము దాన్ని విడిగానే ఉంచి, ఆ పనికే ఖర్చు చేస్తాం, ఇన్షా అల్లాహ్.