కోలారు బాటలో ఒకరోజు

బెంగళూరు నుండి ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీదుగా తూర్పుగా సుమారు 70 కిలోమీటర్లు ప్రయాణిస్తే కోలారు వస్తుంది. అక్కడి కోలారమ్మ ఆలయంలో చోళుల కాలపు తమిళ శాసనాలున్నాయి. పాలనాభాష కన్నడం. అంగడివీధిలో మాత్రం తెలుగు తరచుగా చెవిన పడుతుంది. దాని యాస కోస్తావారికి కొత్తగా తోచవచ్చును గాని, అది నిన్న మొన్న వలస వచ్చిన భాష కాదు. తరతరాలుగా ఆ నేలపైనే ఉన్నది.

ముళబాగిలుకు కొంత నైరుతిగా వెళ్తే ఆవని గ్రామంలో నొళంబుల నాటి రామలింగేశ్వరాలయ సముదాయం కనబడుతుంది. కుశలవులు జన్మించినది అక్కడేనని స్థలపురాణం. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం. అక్షరాలు స్పష్టంగా కనబడాలని శాసనాలపై సుద్ద, నూనె పూయరాదు. రక్షిత కట్టడాలకు హాని కలిగించినవారికి రెండేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును.

ఎక్కువసేపు ఆగవలసిన చోటు కోలారు బంగారు గనుల పట్టణం. శివనసముద్రం జలవిద్యుత్తు 1902లో మొదట ఈ గనులకే అందింది. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగినది 1905లో. మూడు కిలోమీటర్లకు మించిన లోతు వరకు తవ్విన ఈ గనుల్లో తమిళులు, తెలుగువారు శ్రమించారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. సయనైడు కలిసిన మట్టిదిబ్బలు ఇంకా ఉన్నాయి. పిల్లలను వాటిపైకి ఎక్కనివ్వరాదు. గని కార్మికుల కుటుంబాలలో అనేకులు నేటికీ వేకువ రైలులో బంగారుపేట మీదుగా బెంగళూరుకు పనికి వచ్చి, రాత్రికి తిరిగి వెళ్తున్నారు.