ప్రతినాయకుని ముఖము

మొన్నటి వేసవి సెలవులలో మా తమ్ముని కుమారుడు, ఎనిమిదవ తరగతి చదివే బాలుడు, రంగురంగుల బొమ్మల కథల పుస్తకమొకటి చేతబట్టుకొని నా వద్దకు వచ్చినాడు. అట్టమీద ఎర్రని కపాలము వంటి ముఖము, నల్లని దుస్తులు, ఎత్తిన పిడికిలి. "పెద్దనాయినా, మన విసునూరు దొర మొకం గూడ గిట్లనే ఉంటుండెనా?" అని అడిగినాడు. ఇరువది యేండ్లకు పైగా తెలుగు బోధిస్తున్న నేను ఆ ప్రశ్నకు వెంటనే సమాధానం చెప్పలేకపోయినాను. ఆనాటి నుండి నా మనస్సులో మెదులుతున్న భావాలను ఉపాధ్యాయ మిత్రులతోను, విద్యార్థులతోను పంచుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ ఎర్ర కపాలము వాని పేరు 'రెడ్ స్కల్'. 1941 మార్చి నెల పేరిట వెలువడిన 'కెప్టెన్ అమెరికా' పుస్తకపు మొదటి సంచికలోనే వాడు కనిపిస్తాడు. జో సైమన్, జాక్ కిర్బీ అనే ఇద్దరు యువకులు, ఇరువురూ యూదు కుటుంబాలవారే, ఆ కథను సృష్టించినారు. కథానాయకుడు హిట్లరు దవడపై గుద్దుతున్న దృశ్యము ఆ సంచికకు ముఖచిత్రము. అప్పటికి అమెరికా యుద్ధంలో ప్రవేశించనే లేదు. ప్రవేశించినది 1941 డిసెంబరులో. ప్రభుత్వమే తటస్థంగా ఉన్న కాలంలో బొమ్మలు గీసి పొట్టపోసుకునేవారు అంతటి సాహసము చేసినారు. బెదిరింపులు కూడ వచ్చినవని సైమన్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

ఆ మొదటి కథలో మనము గమనింపదగిన విశేషము ఒకటి ఉన్నది. చివరకు కథానాయకుడు ఆ కపాలపు ముసుగును లాగివేస్తాడు. లోపల ఉన్నది జర్మనీ సైనికుడు కాడు, విమానాలు తయారుచేసే కర్మాగారపు యజమాని. అమెరికా దేశంలోనే నలుగురిచేత గౌరవము పొందుతున్న ధనవంతుడు! పిమ్మట 1960 దశకంలో ఆ కథ మారినది. అసలు రెడ్ స్కల్ వేరొకడనీ, హిట్లరే చేరదీసి తీర్చిదిద్దిన జర్మనీ అనాథ అనీ చెప్పినారు. 2011లో వచ్చిన చలనచిత్రంలో సంగతి పూర్తిగా తలక్రిందులైనది. అందులో వాని అసలు ముఖమే కపాలము, మనిషి ముఖమే ముసుగు.

ఈ రెండింటికి మధ్య ఉన్న భేదము చిన్నది కాదు. మొదటి కథ, దుర్మార్గుడు మన మధ్యనే, మనవలెనే ఉంటాడు సుమా అని హెచ్చరించినది. చివరిది, దుర్మార్గుడు వేరొక జాతి ప్రాణి, చూడగానే తెలిసిపోతాడు అని ఊరడించినది. మన ఆలంకారికుల చూపు మొదటిదానికే దగ్గర. దశరూపకములో ధనంజయుడు ప్రతినాయకునికి లోభము, ఔద్ధత్యము, మొండితనము, పాపబుద్ధి, వ్యసనము లక్షణాలుగా చెప్పినాడే గాని, ముఖమెట్లుండవలెనో చెప్పలేదు. చెడుగు రూపములో గాక నడతలో ఉన్నదని ఆయన భావము కాబోలు.

ఇక మా బాలుని ప్రశ్నకు వద్దాము. విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డి ముఖము అందరి ముఖముల వంటిదే. అరువది గ్రామాలపై చెల్లిన అతని ఆజ్ఞకు కపాలపు ముసుగుతో పనిలేకపోయినది. కాగితము అతనిది, కచేరీ అతనిది, గడిలోని గూండాలు అతనివారు. వీటన్నిటికంటె బలమైనది ప్రజల గుండెలలోని భయము. 1940 ప్రాంతంలో కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ న్యాయస్థానంలో గెలిచినాడు, గెలిచినందుకే హతుడైనాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగినాడు.

మా పాలకుర్తిలోని కథ అందరికీ తెలిసినదే అయినా మరల చెప్పుకొనదగినది. చాకలి ఐలమ్మ మల్లంపల్లి భూస్వామి వద్ద భూమి కౌలుకు తీసుకొని, నాలుగెకరాలు సాగుచేసుకున్నది. వెట్టికి రానన్నది. సంఘంలో చేరినది. పండిన పంటను కోసుకొని రమ్మని దొర మనుషులను పంపినాడు. భీమిరెడ్డి నరసింహారెడ్డి మొదలైన ఆంధ్రమహాసభ కార్యకర్తలు అడ్డు నిలిచి, ఆ ధాన్యాన్ని ఐలమ్మ యింటికే చేర్చినారు. ఆమె రోకలి చేతబట్టి గూండాలను తరిమినదని మా ప్రాంతపు పెద్దలు చెప్పుకుంటారు. ఇల్లు తగులబెట్టినా ఆమె వెనుకడుగు వేయలేదు. అప్పటికి ఆమెకు ఏబది యేండ్లు. బొమ్మల కథలో బక్కపలుచని యువకుడు మందు సూదితో మహాబలుడవుతాడు. ఐలమ్మకు ఏ మందూ లేదు. ఉన్నది తాను దున్నిన మన్ను, తోడు నిలిచిన నలుగురు మనుషులు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. ఇటలీలో 1919లో ముస్సోలినీ ఆరంభించిన ఫాసిజము వేరు, మన దొరతనము వేరు. రెండవది ఎంతో పురాతనమైనది. రెంటినీ ఒకే గాటను కట్టుట చరిత్రకు అన్యాయము. అయినా రెండింటికీ ప్రాణవాయువు ఒకటే: కొందరు పుట్టుకతోనే అధికులనే నమ్మకము, ఎదురుచెప్పిన నోటిని మూయించే బలము, చూచి కూడ మాట్లాడని ఇరుగుపొరుగు. నిజాము ఏలుబడిలో రెడ్డి దొరను ఎదిరించినవారిలో ముస్లిము రైతు ఉన్నాడు, కురుమ యువకుడు ఉన్నాడు, చాకలి స్త్రీ ఉన్నది. కనుక దుర్మార్గానికి ఏ ఒక్క మతపు ముఖమో, కులపు ముఖమో తగిలించి పిల్లలకు చూపుట కూడ మరొక కపాలపు ముసుగే.

ఈ పాలకుర్తి గడ్డమీదనే పుట్టినాడని చెప్పే సోమనాథుడు బసవపురాణములో మడివాలు మాచయ్య అనే చాకలి భక్తుని రాజును మించినవానిగా నిలిపినాడు. ఏడు శతాబ్దులకు పైగా గడచిన పిమ్మట అదే ఊరిలో ఒక చాకలి స్త్రీ ఆ కథను పొలంలో మరల నడిపినది. 1985లో ఆమె కన్నుమూసినది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టినారు.

పిల్లలచేత బొమ్మల కథలు మాన్పించమని నేననను. వారిని ఆనందంగా చదువుకోనిండు. అయితే పుస్తకము మూసిన తరువాత ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న వేయవలెను: "ముసుగు తీస్తే లోపల ఎవరున్నారు?" నేను మా బాలునితో చెప్పినది కూడ ఇదే. "దొర మొకం మన మొకం లాంటిదేరా. అందుకే ఆయనను గుర్తుపట్టుటకు కండ్లు చాలవు, బుద్ధి కావలె." వాడు కొంతసేపు అట్ట వైపు చూచి, "మరి మనలో ఎవరన్న గట్ల అయితే ఎట్ల తెలుస్తది?" అన్నాడు. ఆ ప్రశ్నను మన తరగతి గదులకు అప్పగించి విరమిస్తున్నాను.