తీరిక వేళలు

శ్రమకు ఫలము కూలి యొక్కటియే కాదు, విశ్రాంతియు ఫలమే. అయితే విశ్రాంతి యనగా ఊరక కూర్చుండుట కాదు. ఆరు దినములు ఒకే పనిలో అలసిన దేహమునకు వేరొక చలనమును, మనస్సునకు వేరొక దృశ్యమును కావలెను.

మన దేశమున ఆదివారపు సెలవు దానంతట అది వచ్చినది కాదు. బొంబాయి మిల్లు కార్మికుల పక్షమున నారాయణ్ మేఘాజీ లోఖండే కొన్ని యేండ్లు పాటుపడిన మీదట, 1890 జూన్ 10న యజమానులు అందులకు సమ్మతించిరి.

సెలవుతోపాటు చోటును ఉండవలెను. ఇటలీలోని మిలాన్ నగరమునకు సముద్రము లేదు. నీటివిమానములు దిగుటకై అచ్చట 1930లో ప్రారంభించిన ఇద్రోస్కాలో అను కృత్రిమ సరస్సు నేడు ఈతకు, పడవపందెములకు నెలవైనది. ఎచ్చెర్ల ప్రాంతమువారికి సరస్సు త్రవ్వుకొను పని లేదు. శ్రీకాకుళము మీదుగా పోయినచో కళింగపట్నమున వంశధార సముద్రమున కలియుచున్నది. చేరువనే శాలిహుండం కొండపై బౌద్ధస్తూపముల శిథిలములు కలవు.

పిల్లలతో సముద్రమునకు పోవువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. ఒడ్డెక్కిన కెరటముల నీరు ఒక్కొక్కచోట ఇరుకైన పాయగా వెనుకకు లాగును. ఆ పాయలో కెరటము విరుగుట తక్కువగుటచే అదియే నెమ్మదియైన చోటని భ్రమ కలుగును. అందు చిక్కినవారు ఒడ్డునకు ఎదురీదినచో అలసిపోవుదురు. తీరము వెంబడి ప్రక్కకు ఈది, పాయ దాటిన పిమ్మట ఒడ్డు చేరవలెను. నదీముఖమున దిగకుండుటయే మేలు.

ఇక వ్యాయామము. మన వైపు తాలింఖానా క్రొత్తది కాదు. 1882లో వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడు ఱొమ్ముపై ఏనుగు నెక్కించుకొని ప్రేక్షకులను నివ్వెరపరచెను. శ్రీకాకుళమునందలి క్రీడాప్రాంగణము ఆయన పేరనే ఉన్నది. ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో, నీలంశెట్టి అప్పన్నగారి వద్ద బరువులెత్తుట నేర్చిన కరణం మల్లేశ్వరి, 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకమందిన ప్రథమ భారత మహిళ ఆమెయే. ఆ పల్లెలో ఆమెకు దొరికినది పెద్ద భవనము కాదు. కొన్ని బరువులు, ఒక గురువు, కుమార్తెను ప్రోత్సహించిన తల్లి.

ఇచ్చట మనము ఆలోచింపవలసినది ఒకటి కలదు. ఆదివారమనగా మగవారికి సెలవు, వంటయింటికి రెట్టింపు పని. కూలి చేసుకొనువారికి పని లేని దినము సెలవు కాదు, తిండికి వెదుకులాట. అన్న చెడుగుడుకు పరుగెత్తునప్పుడు చెల్లెలు అంట్లు తోముచున్నచో ఆ యింట తీరిక సగమే. ఆ అంట్లు అందరును కలిసి తోమినచో పది నిమిషముల పని. మిగిలిన సాయంకాలము ఆ పిల్లది. దానితో ఆమె పతకమే తేనక్కరలేదు, ఆడుకొనిన చాలును.