‘ఇంగ్లిష్ రాదు’ అంటే సరిపోదు బ్రో!

పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఆ తర్వాత ఇంజినీరింగ్ పాసయ్యా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమూ వచ్చింది. అయినా పొద్దున్నే స్టాండప్ మీటింగ్ అంటే గుండెల్లో రైళ్లు పరిగెత్తేవి. నా వంతు రాగానే ఒక్క ముక్క చెప్పేసి మ్యూట్ నొక్కేవాణ్ని. ఓసారి నేను రాసిన మాడ్యూల్‌ని పక్క సీటు కుర్రాడు క్లయింట్‌కి వివరించాడు. తప్పు అతనిది కాదు, ‘నువ్వే చెప్పు బ్రో’ అని బతిమాలింది నేనే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పుడే ఒకటి తట్టింది. ‘యాప్ పనిచేయట్లేదు’ అని ఎవరైనా టికెట్ పెడితే మేం ఊరుకోం. ఏ స్క్రీన్? ఏం నొక్కితే? అని అడుగుతాం. మరి నా మీద నేను ఏళ్ల తరబడి పెట్టుకున్న టికెట్ ఏంటి? ‘ఇంగ్లిష్ రాదు!’ అంతే.

ఎక్కడ రాదో తెలుసుకోవడానికి ఓ దారి దొరికింది. భాష ఎంత వచ్చో చెప్పడానికి కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ఓ కొలమానం ప్రచురించింది. ఏ1 నుంచి సీ2 వరకు 6 మెట్లు. జర్మన్ నేర్చుకునేవాళ్లకి ఇవి బాగా తెలుసు. అందులో మనకి మనమే మార్కులు వేసుకునే పట్టిక ఒకటుంది. వినడం, చదవడం, ఎదుటివారితో సంభాషించడం, సొంతంగా వివరించడం, రాయడం.. ఈ ఐదింటికీ ‘నేను ఇది చేయగలను’ అనే తరహా వాక్యాలుంటాయి.

నిజాయితీగా టిక్కులు పెట్టా. చదవడంలో బీ2! రాయడంలో బీ1. సంభాషణ దగ్గరికొచ్చేసరికి ఏ2లోనే ఆగిపోయా. అంటే ఇంగ్లిష్ మొత్తం రాకపోవడం కాదు, ఒక్క గదికే తాళం పడిందన్నమాట. సగం భయం అక్కడే పోయింది.

తర్వాత ఫోన్‌లో ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేసి విన్నా. గ్రామర్ తప్పులే కనిపిస్తాయనుకున్నా. కానీ అసలు జబ్బు వేరే. ప్రతి వాక్యాన్నీ సగంలో ఆపి, మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంటున్నా! అందుకే ఒకటే రూల్ పెట్టుకున్నా: తప్పయినా సరే, మొదలెట్టిన వాక్యం పూర్తి చేయాలి. ప్రతి శనివారం మూడు లైన్లు రాసుకునేవాణ్ని. ఈ వారం ఏం చేయగలిగా? ఎక్కడ ఆగిపోయా? వచ్చే వారం ఏ ఒక్కటి సరిచేసుకోవాలి?

ఒక జాగ్రత్త. భయస్తులు తమకి తామే మార్కులు కోసేసుకుంటారు, ధీమా ఎక్కువున్నవాళ్లు దండిగా వేసుకుంటారు. అందుకే ఆ రికార్డింగ్ ఓ ఫ్రెండ్‌కో, టీచర్‌కో వినిపించండి. నా ఫ్రెండ్ విని, ‘అర్థమవుతోంది కదరా, ఎందుకంత కంగారు?’ అన్నాడు.

ఆర్నెల్ల తర్వాత నా మాడ్యూల్ డెమో నేనే ఇచ్చా. మధ్యలో రెండుసార్లు తడబడ్డా. మ్యూట్ మాత్రం నొక్కలేదు.

మీ చేతిలోనూ ఫోన్ ఉందిగా.. ఈ రాత్రి ఒక్క నిమిషం మాట్లాడి, మిమ్మల్ని మీరే వినండి!